గేటు దాకా వెళ్ళిన కారు

పోయిన వారం మా అమ్మాయి కొత్త కారు కొంది. కరెంటుతో నడిచేది. సెరంగూన్ రోడ్డు గుడి ముందు పూజ చేయించి, పూజారిగారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కానివ్వమన్నారు. కారు చడీచప్పుడు లేకుండా ముందుకు జరిగింది, కాయలు మాత్రం చితికాయి. మా ఆయన నా పక్కన నిలబడి, "ఇదేం కారే, కనీసం దగ్గనైనా దగ్గదు," అని పెదవి విరిచారు. "డాడీ, ప్లీజ్ లా," అంది అమ్మాయి, ఇక్కడివాళ్ళలాగే చివర "లా" తగిలించి. నాకు మాత్రం ఆ నిమ్మకాయల వాసనకి ఎప్పటిదో ఒక దసరా గుర్తొచ్చింది.

అవి కంప్యూటర్ ఉద్యోగాలు చెట్లకి కాస్తున్న రోజులు. ఒక ఆఫీసులో కుర్చీ వేడెక్కకముందే ఇంకో ఆఫీసు నుంచి ఫోనొచ్చేది. మా ఆయన సంగతి చెప్పక్కర్లేదు, కాలుగాలిన పిల్లి. ఉద్యోగం మారితే ఇల్లు మారేది, ఇల్లు మారితే పిల్లకి బడి మారేది. పోపుల డబ్బా ఏ అట్టపెట్టెలో ఉందో వెతుక్కుంటూనే సగం కాపురం చేశాను. అలా తిరిగి తిరిగి ఈ ద్వీపదేశంలో, సెరంగూన్‌లో ఒక పాత ఇంట్లో కింది వాటాలో దిగాం. పై వాటాలో ఇంటి ఓనరు, చైనా పెద్దాయన, ఒక్కరే ఉండేవారు. అంకుల్ అనేవాళ్ళం. వాకిట్లో రేకుల కింద ఒక అమెరికా కారు పడుండేది. పొడుగాటి ముందుభాగం, రెండే తలుపులు, ఒళ్ళంతా తుప్పు. ఎవరో తెల్లాయన దేశం వదిలిపోతూ అంకుల్‌కి అంటగట్టి పోయాడట. స్టీరింగు ఎడమవైపు కాబట్టి ఇక్కడ దానికి రోడ్డెక్కే యోగం లేదు. మా ఆయన దాని చుట్టూ ప్రదక్షిణం చేసి, బాగుచేసుకోనా అని అడిగారు. "కెన్, కెన్! రోడ్డు మీదకి మాత్రం నో లా," అని సరేనన్నారు అంకుల్.

అంతే, ఇల్లు షెడ్డయిపోయింది. ఆఫీసు నుంచి రాగానే మోడెం కీచుకీచుమనేది. ఇంటర్నెట్‌లో ముక్కూమొహం తెలియని అమెరికా వాళ్ళని ఈయన సలహాలడిగేవారు, ఫోను మాత్రం నాకు దొరికేది కాదు. కార్బ్యురేటర్‌ని ముక్కలు చేసి భోజనాల బల్ల మీద పేపర్ పరిచి, నా పాత టూత్‌బ్రష్షుతో తోమేవారు. పప్పులో పెట్రోలు వాసన. ఒకరోజు టీ గిన్నెలో ఏదో ఇత్తడి బిళ్ళ ఉడుకుతోంది. థర్మోస్టాట్ అట, నీళ్ళు కాగితే తెరుచుకుంటుందో లేదో చూస్తున్నారట. బాగుచేయడం అయ్యాక మార్పులు మొదలెట్టారు. పాత బ్రేకులు పీకేసి డిస్క్ బ్రేకులు తెప్పించారు. "వీధి మొహం చూడని కారుకి అంత బ్రేకులెందుకండీ?" అంటే, "కారన్నాక ఆగాలి కదోయ్," అన్నారు. పైకి విసుక్కునేదాన్ని గానీ, లోపల ఎంత సంతోషమో! పిల్ల ఆ బడిలో మొదటిసారి స్నేహితుల్ని చేసుకుంది. నేను గిన్నెలన్నీ అలమారలో సర్దాను.

ఇంతలో మెల్‌బోర్న్ నుంచి ఉద్యోగం వచ్చింది. "దసరాకి కారు పూర్తవుతుంది. అదయ్యాక జవాబిస్తానన్నాను," అన్నారు మా ఆయన. నాకు అన్నం సహించలేదు. ఆ కారు పూర్తి కాకూడదని రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

దసరా రానే వచ్చింది. బొట్టుపెట్టి, కర్పూరం వెలిగించి, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు నేనే పెట్టాను. అంకుల్ చెప్పులేసుకుని మెట్ల మీద నిలబడ్డారు. మా ఆయన తాళం తిప్పారు. గురగురమని ఆగింది. మళ్ళీ తిప్పారు, మళ్ళీ ఆగింది. తల్లీ, ఇలాగే ఉండనీ అనుకున్నాను. ఆ తర్వాత ఒక్క గర్జన. కిటికీ అద్దాలు అదిరాయి, తీగ మీది గోరింకలు లేచిపోయాయి. కారు నిమ్మకాయల్ని చితక్కొట్టుకుంటూ వచ్చి గేటుకి జానెడు దూరంలో ఆగింది. "వా! వెరీ గుడ్ లా!" అని అంకుల్ చప్పట్లు. నాకు ఏడుపు ఆగలేదు. ఆనందం అనుకున్నారందరూ.

నేను లోపలికెళ్ళి గారెలు వేస్తూ, ఏ సామాను ముందు కట్టాలో ఆలోచిస్తున్నాను. వాకిట్లో ఇంజను చాలాసేపు మోగి ఆగిపోయింది. మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడ్డారు, చేతులకి అప్పుడే గ్రీజు.

"శబ్దంలో ఏదో తేడా ఉందోయ్. మళ్ళీ విప్పాలి."

"మరి మెల్‌బోర్న్?"

"ఇంజన్ విప్పిపెట్టి ఎక్కడికెళ్తాం?" అని ఒక గారె నోట్లో వేసుకుని వెళ్ళిపోయారు.

నాకైతే ఏ తేడా వినిపించలేదు. అప్పుడు అడగలేదు, ఇప్పటికీ అడగలేదు. తర్వాత అంకుల్ ఇల్లు అమ్మేశారు, కారుని ఎవరో లారీ మీద ఎక్కించుకుపోయారు, మేము ఇదే ఊళ్ళో యీషున్‌లో ఒక ఫ్లాట్‌లో స్థిరపడ్డాం. పోపుల డబ్బా అప్పటి నుంచీ ఒకే అరలో ఉంది. కాలం ఎవరి కోసమూ నిలబడదని వింటూనే ఉంటాను. మా వాకిట్లో మాత్రం ఒకసారి అది నిమ్మకాయల మీదుగా వచ్చి గేటు దగ్గర ఆగింది, నేను కళ్ళారా చూశాను.