కర్ర తిరిగినంత జాగా

నేను యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. లెక్కల పుస్తకం నాకు ఇప్పటికీ ముళ్లకంపే. అయినా పోయిన యాసంగి కోతలప్పుడు ఒక లెక్క నాకు అర్థమైంది. వేములపల్లిలో మేం వడ్లు ఆరబోసే సిమెంటు కల్లం మీద, నా కూతురి బిడ్డ చెప్పింది.

ఆ పిల్ల సూర్యాపేటలో లెక్కల్లో పీజీ చదువుతోంది. తెలివి ఉంది గానీ నలుగురి ముందు నోరు పెగలదు. ఒకసారి క్లాసులో పాఠం చెప్పబోయి మధ్యలోనే కూర్చుండిపోయింది. సోమవారం మళ్లీ చెప్పాలి. ఈసారీ కూర్చుంటే చదువే మానేస్తానని వాళ్లమ్మతో అన్నదట. ముందు నాకు చెప్పమన్నాను. ఏమీ రానిదాని ముందు సిగ్గెందుకు?

బూడిదతో పెద్ద గుండ్రం గీసింది. కర్రకు చెరో కొస పట్టుకున్నాం. రెండు కొసలూ గీత మీదే జరగాలి. కర్రకు ఒకచోట కట్టిన సుద్దముక్క గుండ్రం లోపల ఇంకో గీత గీసుకుంటూ వచ్చింది. పక్కనే ఇంకా పెద్దగా, కోడిగుడ్డులా ఒకటి గీసి అదే కర్ర తిప్పాం. రెండు గీతల నడుమ జాగా గుండ్రంలోనైనా గుడ్డులోనైనా ఒకటేనంది. నేను ఒప్పుకోలేదు. పెద్ద మడికి గట్టూ పెద్దదే కదా? వడ్లతో కొలవమన్నాను.

సోలతో కొలిచి పోస్తూ, ఆ జాగాలో గింజ పక్కన గింజ పరిచాం. గుడ్డుకు ఎక్కువ పట్టాయి. పిల్ల ముఖం వాడిపోయింది.

"నేను జెప్పేదే తప్పయితంది అమ్మమ్మా. సోమవారం పోను."

గుడ్డు వైపు చూశాను. వడ్లలో సాళ్లున్నాయి. ఆరబోసిన వడ్లను కాళ్లతో ఈడుస్తూ సాళ్లు తీయడం మా ఇళ్లలో నడకతో పాటే వస్తుంది. ఈ పిల్ల మాట్లాడుతూ మాట్లాడుతూ అదే చేసింది. గింజలు ఒకచోట కుప్పపడ్డాయి, బోసిపోయిన చోట మళ్లీ పోసింది.

"లెక్క మంచిగనే ఉన్నది. నీ కాళ్లే ఆగుతలేవు. గీడ కూసోని నోటితోటి జెప్పు."

తను చెప్పింది, నేను పరిచాను. పిడికెడు అటూ ఇటూగా రెండూ సరిపోయాయి. సుద్దముక్క ఏ కొసకు ఎంత దూరమో అదే జాగాను తేలుస్తుందట, బయటి గీత ఎట్లా వంగినా సరే. నేను కావాలనే మొండిగా అడ్డం తిరిగినకొద్దీ దాని గొంతు పెరిగింది.

సోమవారం బస్టాండు నుంచి ఫోన్ చేసింది.

"మొదలు నా కాళ్ల ముచ్చటనే జెప్పిన. అందరు నవ్విన్రు. ఇగ నేను ఆగలే."

"మీ సార్ ఏమన్నడు?"

"కూసోమన్నడు అమ్మమ్మా. టైం అయిపోయిందంట."