రాములు మామకు లేవని చేతులు

మా చిన్నప్పుడు, నైజాం రాజ్యం పోయిన కొత్తలో... గరిడేపల్లి పక్కనున్న మా ఊరి చావడి ముందు జనం కిక్కిరిసి కూర్చున్నారు. ఆడవాళ్ల వైపు అమ్మ పక్కన నేను.

ఊరి పెద్దను ఇక ఊరివాళ్లే ఎన్నుకోవాలని సూర్యాపేట నుంచి వచ్చిన అధికారి చెప్పాడు. జనం తిరగబడ్డ గొడవలప్పుడు పట్నం పారిపోయిన దొర అప్పటికే తిరిగొచ్చాడు... తన మనిషిని నిలబెట్టాడు.

పోటీకి దిగింది కుమ్మరి రాములు మామ. దొర ఉండే గడికి పైసా లేకుండా వెట్టిగా కుండలు పంపనని ఆయన ముఖం మీదే చెప్పినవాడు. అయినా ఆయన్ని నిలబడమని బతిమాలింది మా నాయనే.

"నువ్వు నిలవడు తమ్మీ. ఊరంతా నీ ఎనకనే ఉంటది. ముందుగాల నేనుంట" అన్నాడు నాయన, అంతకుముందు మా అరుగు మీద కూర్చుని.

"రాములు కావాలన్నోళ్లు చేతులు లేపుండ్రి!" అని ఇప్పుడు చావడి ముందు కేక వేశారు.

ఎదురుగా పడక కుర్చీలో దొర... ఒక్కొక్కరి ముఖమే చూస్తున్నాడు.

నాయన చెయ్యి భుజం దాకా లేచింది. అక్కడి నుంచి తలపాగా సర్దుకుని దిగిపోయింది. ఇంకెవరూ లేపలేదు. రాములు మామ భార్య అచ్చమ్మత్త ఒక్కతే చెయ్యెత్తింది.

"ఆడోళ్ల చేతులు లెక్కకు రావు" అన్నారెవరో. నవ్వారు.

దొర మనిషే ఊరి పెద్ద అయ్యాడు. ఆ తర్వాత చెరువు మట్టి ముట్టొద్దని రాములు మామకు దొర హుకుం వేశాడు. మట్టి లేని కుమ్మరి ఏం తింటాడు... బండి మీద సామాను ఎత్తుకుని కోదాడలోని అత్తగారింటికి వెళ్లిపోయారు. ఆ బండి మా వాకిలి దాటేదాకా నాయన గడప బయటికి రాలేదు.

మరుసటి ఏడు మళ్లీ ఎన్నిక, దొర మనిషి మీద ఇంకొకరు పోటీ. ఈసారి నాయన లేచి నిలబడ్డాడు.

"చేతులు లేపుడు వద్దు సారూ. అడ్డం గుడ్డ కట్టుండ్రి, ఎనక రెండు కుండలు పెట్టుండ్రి. చింతగింజ ఎవరు దేంట్ల ఏసిండ్రో ఎవరికీ ఎరుక కావొద్దు. ఆడోళ్లు గూడ ఎయ్యాలె."

అధికారి సరేనన్నాడు. కానీ కొత్త కుండలు మా ఊళ్లో ఎక్కడివి? నాయన నడిగూడెం దాకా నడిచి వెళ్లి తెచ్చాడు.

దొర మనిషి ఓడిపోయాడు.

నాయన నన్ను వెంటబెట్టుకుని కోదాడ వెళ్లాడు. రాములు మామ ఎవరిదో ఇంటి పని దగ్గర తట్టలు మోస్తున్నాడు.

"ఊరికి రా తమ్మీ... ఇగ దొర మాట నడువది."

రాములు మామ తట్ట దించాడు. "నీ మీద కోపం లేదన్నా. ఆ దినం అందరూ లేపాలని గూడ నేను అనుకోలే. నీ చెయ్యొక్కటి లేస్తే, ఊరు ఇడిసేటోన్ని కాదు."

నాయన, నేను మాత్రమే ఊరికి తిరిగొచ్చాం. నాయన బతికినన్నాళ్లూ ప్రతి ఎన్నికలో తెల్లారకముందే వెళ్లి వరుసలో ముందు నిలబడేవాడు... ఓటు వేసి వచ్చాక ఆ పూట అన్నం ముట్టేవాడు కాదు.

ఇప్పుడు మనం ఎవరికి వేశామో ఏ దొరా చూడలేడు. అయినా నలుగురిలో ఒక మంచి మనిషి పక్కన నిలబడాల్సి వస్తే, మన నోళ్లు ఇంకా పెగలడం లేదు...

మీ ఊళ్లో అలా ఒంటరిగా మిగిలిపోయినవాళ్లు ఉన్నారా? వాళ్ల పేరు ఇక్కడ ఒక్కసారి రాయండి.