ఎడమ పక్క సీటు

చిన్నదొర కారును హనుమండ్లు మూడేళ్లపాటు బాగుచేశాడు. ఆ మూడేళ్లలో ఒక్కసారి కూడా అందులో కూర్చోలేదు. పనిరానివాడని అనుకునేరు. మెట్‌పల్లి చుట్టుపక్కల ఏ రైసుమిల్లు ఇంజన్ మొరాయించినా కబురు అతనికే వచ్చేది. మూత విప్పకముందే చప్పుడు విని రోగం చెప్పగల మనిషి.

కానీ దొర కూర్చునే చోట తాను కూర్చోవడమా! దొరల కోటలాంటి గడి ముందు నుంచి చెప్పులు చేతపట్టుకుని నడిచిన వంశం అతనిది. వెట్టి రద్దయిందని సర్కారు చాటింపు వేయించి ఏళ్లయింది. ఆ చాటింపు హనుమండ్లు చెవిదాకా వచ్చింది గానీ, వెన్నుదాకా పోలేదు.

అది ఇంగ్లండు సీమ నుంచి తెప్పించిన రెండు సీట్ల పందెం కారు. పోలీసు చర్యకు ముందు, రైతుల పోరాటం రోజుల్లో దొరలు హైదరాబాదుకు పారిపోతూ దాన్ని గడి పశువుల కొట్టంలో వదిలేశారు. పరిస్థితి చల్లబడ్డాక చిన్నదొర తిరిగొచ్చి చూస్తే, సీట్లలో ఎలుకలు కాపురం పెట్టి ఉన్నాయి. హనుమండ్లును పిలిపించాడు.

"ఏంరా, గిది నడుస్తదా?"

"నడుస్తది దొరా. జర దినాలు పడ్తది."

"నడిపియ్యి. గది నడిచిననాడు నిన్ను పక్కన కూసోబెట్టుకొని మెట్‌పల్లి బజారంత తిప్పుత."

నవ్వుతూ అన్న మాట. హనుమండ్లు దాన్ని శాసనంలా మోసుకుని ఇంటికి వెళ్లాడు. ఎడ్లను కట్టి కారును తన వాకిట్లోకి లాగించాడు. ఎలుకలు కొరికిన తీగలన్నీ పీకి కొత్తవి వేశాడు. తుప్పుకు బిగుసుకుపోయిన పిస్టన్లకు నెలరోజులు ఆముదం పోసి, గోముగా కదిలించాడు. ఇరుసులు తిరిగే బుష్షులు అరిగిపోయి, కొత్తవి ఎక్కడా దొరక్కపోతే, భార్య బుచ్చవ్వ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి బిందెను అడగకుండానే కరిగించి పోతపోశాడు. బుచ్చవ్వ రెండు రోజులు ముద్ద ముట్టలేదు.

"దొర పక్కన సీట్ల కూసుంటనే! బజారంత చూస్తది," అన్నాడు.

మూడోనాడు ఆమె అన్నం తిన్నది. ఆ తర్వాత బావి దగ్గర ఆ సంగతి చెప్పకుండా చేద వేసిన రోజు లేదు. ఊళ్లో తలెత్తుకునే ఒక్క పూట వస్తుందంటే, పాపం, బిందె ఎంతపాటిది?

కారు వెనక ఇరుసుకింద మొద్దులు పెట్టి చక్రాలను గాల్లోకి లేపి, పక్కన నిలబడి వంగి, చేత్తోనే రేసు పెడల్ నొక్కి పరీక్షించేవాడు. ఇంజన్ తేనెలా పాడేది. బరువు మోయని ఇంజన్ పాడక ఏం చేస్తుంది! రోడ్డు మీద నడిపి చూడమని మిల్లు మేస్త్రీ పోశం నెత్తీనోరూ కొట్టుకున్నాడు.

"దొర సీట్ల నేను కూసుంటనా? గంత పాపం నాతోని కాదు," అన్నాడు హనుమండ్లు.

అంగడి రోజు ముహూర్తం పెట్టుకున్నారు. బుచ్చవ్వ వాడ ఆడవాళ్లను వెంటబెట్టుకుని పొద్దున్నే మెట్‌పల్లికి నడిచిపోయింది. హనుమండ్లు ఉతికిన ధోతి కట్టుకుని, తానే ఎడమ తలుపు తెరిచి నిలబడ్డాడు. స్టీరింగు ముందు కూర్చున్న చిన్నదొర ఈల వేశాడు. అతని వేటకుక్క ఎగిరి ఆ సీట్లో కూర్చుంది.

"దొరా... నేను..."

"నువ్వేందిరా? దీన్ని ఇంటికాడ ఇడిస్తె పరేషాన్ అయితది."

కారు కదిలింది. ఊరు దాటి మొదటి ఎత్తు ఎక్కుతుండగానే దగ్గి ఆగిపోయింది. హనుమండ్లు వెనకాలే పరుగెత్తి వచ్చి, ముందున్న హ్యాండిల్ తిప్పి ఇంజన్ లేపాడు. నిలబెడితే బాగానే ఉంది. కదిలిస్తే దగ్గుతోంది.

"నడుస్తుంటేనే తెలుస్తది దొరా. పక్కన కూసోని వినాలె." ఇప్పుడైనా కుక్కను దింపుతాడని ఆశ.

చిన్నదొర కుక్కను చూశాడు. అతన్ని చూశాడు. "మడ్గార్డు మీదికెక్కు. పట్టుకొని ఇను."

ఎక్కాడు. ఒక చేత్తో కారు ముందు దీపాన్ని పట్టుకుని వేలాడుతూ, తెరిచిన బానెట్లో రెండో చెయ్యి పెట్టి కార్బురేటర్ మర తిప్పుతూ పోయాడు. వేడి గొట్టానికి మణికట్టు కాలింది. గుంత వచ్చినప్పుడల్లా చిన్నదొర హారన్ కొట్టి నవ్వాడు. కావాలనే గుంతల్లోంచి పోనిచ్చాడేమో కూడా! బజారు మొగదలలో మర ఇంకో పావుచుట్టు తిరిగింది. దగ్గు ఆగింది. మూడేళ్లుగా ఎదురుచూసిన శబ్దం వచ్చింది. ఆ సంతోషంలో, పిచ్చివాడు, తలెత్తాడు.

బట్టల దుకాణం ముందు బుచ్చవ్వ నిలబడి ఉంది. చుట్టూ వాడ ఆడవాళ్లు.

"బుచ్చవ్వా, గా యేలాడెటాయన మీ ఆయన కాదూ?" అన్నది పక్కింటి ఎల్లక్క.

బుచ్చవ్వ అతని కళ్లలోకి సూటిగా చూసింది. కొంగు నెత్తిమీదికి లాక్కుంది.

"కాదక్కా, ఎవడో. మా ఆయన ఇయ్యాల రాలే."

కారు ఇప్పుడు ఎంత మెత్తగా నడుస్తోందంటే, ఆ మాటలో ఒక్క అక్షరం కూడా అతనికి వినపడకుండా పోలేదు.