గోడవతలి మగ్గం

"మా చంద్ర ఎవురిమీదనో మనసు పడినాడు. కనిపెట్టు పాపా" అని పక్కింటి చౌడమ్మ రమణిని వేగుకు పెట్టింది. రమణికీ ఆ సంగతి తెలుసుకోవాలనే ఉంది; ఎందుకో పైకి చెప్పలేదు. తన మగ్గం మోతలో ఏమీ వినపడదు కాబట్టి, కాళ్లు ఆపి, పోగు తోసే నాడె ఒళ్లో పెట్టుకుని గోడకు చెవి ఆనించేది. విన్నప్పుడల్లా అవతల చంద్ర మగ్గం ఆగే ఉండేది. "పని మాని ఎవురినో తలుచుకుంటాండాడత్తా" అని చెప్పేసింది. చౌడమ్మ కొడుకును వీధంతా వినేట్టు తిట్టింది. మరునాడు చంద్ర కిటికీ దగ్గరికొచ్చి, "నీ మగ్గం మాటిమాటికీ ఆగుతాండాది, ఒంట్లో బాగలేదా? అది ఆగితే నాకు చెయ్యాడదు" అన్నాడు. ఇతన్నా తను తిట్టించింది! సాయంత్రం చౌడమ్మ వచ్చి, "ఆ పిల్ల ఎవురో తెలిసిందా?" అంది. రమణి తలెత్తలేదు. తెగని పోగుకు ముడేస్తూ, "ఇంకా లేదత్తా" అంది.