ఇరిమియెకి చేరాల్సిన మందు

వెతూరియ భర్త ఇరిమియె గడ్డివాము వేస్తూ వేస్తూ గుండె ఆగి పోయాడు. ఊరి ఆరోగ్య కేంద్రంలో నర్సుని కాబట్టి అతని పిక్క మీది పుండు సంగతి నాకు మొదటినుంచీ తెలుసు. అతని తమ్ముడు గవ్రిల తప్పతాగి గడ్డి కోస్తుంటే, వాడి కొడవలి తగిలి తెగిన గాయం అది. ఇరిమియెకి చక్కెర జబ్బు. ఓ పట్టాన మానలేదు.

నేనిచ్చిన చేపనూనె మందే వెతూరియ రాసేది. అందులో ఉండేది ఏ, డి విటమిన్లు. పుండు శుభ్రంగా ఉంటే కొత్త చర్మానికి కాస్త సాయపడుతుంది, చీము పట్టిందంటే దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఈ ముక్క చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది, ఎవరూ వినరు. ఆమె ఒక్కతే విన్నది. రోజూ కడిగి, ఆరనిచ్చి, అప్పుడు రాసేది. అంచుల నుంచి గులాబీరంగు చర్మం పాకుతూ వచ్చింది. మధ్యలో బొత్తామంత మిగిలి ఉండగా మనిషి వెళ్ళిపోయాడు.

"కలలోకి వస్తున్నాడు సిస్టరమ్మా," అంది ఓ ఉదయం నా దగ్గరికొచ్చి. "గుమ్మంలో నిలబడి, పంట్లాం పైకి లాగి చూపిస్తాడు. ఇంకా మానలేదు, చూడు అంటాడు."

నవ్వి తీసిపారేద్దామనుకున్నాను గానీ చేతకాలేదు. మా ఈజా లోయలో పోయినవాళ్ళు కలలో ఏది అడిగితే అది వాళ్ళ పేరు చెప్పి బతికున్నవాళ్ళకి దానమివ్వాలి. ఇక్కడ వాడితే అక్కడ వాళ్ళకి చేరుతుంది. రొట్టె, చొక్కా అయితే ఎవరికైనా ఇవ్వొచ్చు. పుండు మందు ఎవరికిస్తాం? ఆమె వెనకాముందూ చూడకుండా గుడి గంట కొట్టే తొయాదెర్ చేతిలో పెట్టింది. ఆ మహానుభావుడు బూట్లకి రాసుకున్నాడు.

"బూట్లు తళతళలాడుతున్నాయి సిస్టరమ్మా," అని మర్నాడు నెత్తి కొట్టుకుంది. "పుండు మాత్రం అలాగే ఉంది."

పుండున్నవాడే కావాలి. ఆ రోజుల్లో ఊరు మొత్తానికీ ఒక్కడే ఉన్నాడు. గవ్రిల. సారా బట్టీ మూత జారి, ఆవిరికి ముంజేయి కాల్చుకున్నాడు. అన్న కాలు తెగిన నాటినుంచీ ఆమె ఆ గడప తొక్కలేదు. అయినా వెళ్ళింది. నేనూ వెంటపడ్డాను, లేకపోతే పచ్చి బొబ్బల మీదే మందు దట్టించేలా ఉంది. బొబ్బలు తగ్గేదాకా నేను ఆమెని చెయ్యి వెయ్యనివ్వలేదు.

"నీ మీద జాలిపడి కాదు," అంది చివరికి వాడి చెయ్యి లాక్కుంటూ. "ఆయన కోసం."

"తెలుసు వదినా. నా మొహానికి జాలి కూడానా!"

రోజూ కడిగి, "ఇరిమియెకి చేరుగాక" అని పలికి రాసేది. వాడి చర్మం ఇక్కడ కలుస్తుంటే, కలలో ఆయన పుండూ చిన్నదవుతోందట. ఇప్పుడు లోపలికొచ్చి కూర్చుంటున్నాడట, ఆవు ఈనిందా అని అడిగాడట. చెబుతున్నప్పుడు ఆమె మొహం కొత్త పెళ్ళికూతురిలా ఉండేది. అది చూస్తేనే నాకు భయం వేసింది.

ఆ తర్వాత మానడం ఆగిపోయింది. బఠాణీ గింజంత పచ్చిపుండు అలాగే ఉండిపోయింది. ఓ రోజు నేనే కట్టు విప్పి వాసన చూశాను. చేప నీచు లేదు. ఉత్త పంది కొవ్వు.

"ఏం పని ఇది వెతూరియా? బుద్ధుందా?" అని కేకలేశాను.

ఆమె తలెత్తలేదు. "మానితే ఇంకెందుకొస్తాడు?" అంది.

గవ్రిలే అందుకున్నాడు. "నాకు వాసన ఎప్పుడో తెలిసింది. వదిన ముచ్చట కదా అని ఊరుకున్నా. అన్న నా గురించి అడిగాడా వదినా?"

"లేదు."

"అడగడులే. ఇంకా కుంటుతున్నాడా?"

కట్టుగుడ్డ వేలికి చుట్టుకుంటూ, "కుంటుతున్నాడు," అంది.

"అయితే నొప్పెడుతుంది కదా వదినా."

ఆమె నా సంచిలోంచి మందు డబ్బా తనే తీసుకుంది. ఏడుస్తూ వాడి చెయ్యి కడిగింది. ఇరిమియె పేరు ఏడుపులో కలిసిపోతే, వాడే పలికాడు.

పుండు మానింది. ఆ మధ్య ఆమె బజారులో ఎదురైతే, నిద్ర పడుతోందా అని అడిగాను.

"తెల్లారేదాకా ఒకటే నిద్ర సిస్టరమ్మా," అంది. "మధ్యలో లేపేవాళ్ళు లేరు." అలా అని, నడివీధిలో నన్ను పట్టుకుని బావురుమంది.