నాలుగో నంబరు కత్తి

పొదిలి దాటి పన్నెండు కిలోమీటర్లు. తారు రోడ్డు వదిలి మట్టి బాటలో ఇంకో నాలుగు. మధ్యాహ్నం రెండుంబావుకి లారీ ఆగింది. దిగీ దిగగానే ఎనిమిది మందిమీ ఒకేసారి తుమ్మాం. ఎదురుగా ఎకరం మేర మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. గాలి అటు నుంచే వీస్తోంది. శత్రువు గ్యాసు వదిలితే ఏం చెయ్యాలో శిక్షణలో నేర్పారు గానీ, మిరపకళ్లం పక్కన డేరా వేస్తే ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు.

ఎనభైల మధ్యలో ఒక ఫిబ్రవరి అది. మా డ్యూటీ ఏమిటో చెబితే మీరు నవ్వుతారు. సైన్యంలో క్యాంపు పనులకని ఒక కత్తి కొనాలనుకున్నారు. మరీ పెద్దదీ కాదు, మరీ చిన్నదీ కాదు. ఆరంగుళాల అలుగు, మడత లేనిది, పిడి చివరిదాకా ఒకటే ఉక్కు, మూడు రివిట్లు, తోలు ఒర. అమ్మజూపినవాళ్లు ఆరు నమూనాలు పంపారు. ఎండా దుమ్మూ ఉన్నచోట ముప్పై రోజులు వాడి, పనికొస్తుందో లేదో రాయమని ఆర్డరు.

రాసే పని నాది. హవల్దారును. సొంతూరు పర్చూరు పక్కనే. "ఈ ప్రాంతం మనిషివి, నీ కళ్లకి అన్నీ తెలుస్తాయి" అని సుబేదారు గారు రిజిస్టరు నా చేతిలో పెట్టారు. ఆయనది గఢ్వాల్. నా సంగతి ఆయనకి బాగా తెలుసు. పాలవాడు పోసిన పాలు చెంబు వంచి చూసుకునే రకం నేను. నూనె కాగితాల్లో చుట్టి వచ్చిన ఆ కత్తుల్ని చూడగానే నాకు మొదట తోచింది ఒకటే: పరీక్షకని తెలిసి పంపినవి, ఏరి ఏరి పంపి ఉంటారు.

ఆరు కత్తులకీ పిడి మీద నంబర్లు కొట్టాం. ఆరుగురికి ఇచ్చాం. ఎవరి కత్తితో వాళ్లే అన్ని పనులూ చెయ్యాలి. తుమ్మకొమ్మలు చెక్కి డేరా మేకులు తయారుచెయ్యడం, పత్తికట్టె నరకడం, డబ్బాలు కొయ్యడం, తాళ్లు తెగ్గొట్టడం. మొదటి పది రోజులు పదును పెట్టకూడదు. సానరాయి నా ట్రంకు పెట్టెలో, తాళంచెవి నా మొలతాడుకి. రోజూ సాయంత్రం ఐదింటికి బొటనవేలంత లావు జనపతాడు కట్టి, ఎన్ని కోతలకి తెగుతుందో లెక్కపెట్టి రాసేవాణ్ణి.

నాలుగో నంబరు మా వంటవాడిది. పేరు మస్తాన్. పొన్నూరు దగ్గర పల్లెటూరు. లాన్స్ నాయక్. నాయక్ ప్రమోషన్‌కి పేరు వెళ్లింది. లారీలో నా పక్కనే కూర్చుని ఆ సంగతే చెప్పాడు. "ఈ గీత పడకపోతే ఏడాది చివర సర్వీసు అయిపోద్దన్నా. ఇంటికెళ్లి ఏం చెయ్యాలి? సెంటు పొలం లేదు. వంట తప్ప ఇంకోటి రాదు." గీత అంటే చొక్కా చేతి మీద పట్టీ. అది పడితే ఇంకొన్నేళ్లు ఉద్యోగం ఉంటుంది.

రెండో రోజు పొద్దున్నే కళ్లం ఆసామి వచ్చాడు. తలపాగా ముక్కుకి అడ్డం కట్టుకుని మా డేరాల చుట్టూ ఒక చుట్టు తిరిగాడు.

"ఏవయ్యా మిలిటరీ, మా పొలాలు కొలవడానికొచ్చారా?"

"లేదండి. కత్తులు పరీక్షించడానికి."

"ఏం కత్తులు?"

చూపించాను. తిప్పి తిప్పి చూశాడు.

"ఈ కత్తి కోసం ఎనిమిది మంది, ఒక లారీ, ఒక వైర్లెస్సు! ఎవరికి చెబుతావయ్యా కథలు? తుపాకులు కాల్చుకోడానికి మా నేలలు లాక్కుంటారంట, ఊళ్లో అందరికీ తెలుసు."

నేను నిజం చెప్పినా ఆయన నమ్మలేదు. వెళ్లిపోతూ మా గుంజల మధ్య దూరం అడుగులతో కొలుచుకుని మరీ వెళ్లాడు. నాకు ఒళ్లు మండింది. చెప్పిన మాట నమ్మడానికి ఏం రోగం అనుకున్నాను.

మొదటి రోజు ఆరు కత్తులూ రెండేసి కోతలకి తాడు తెంచాయి. మూడో రోజుకి నాలుగు, ఐదు. తుమ్మకర్ర మామూలు కర్ర కాదు. ఆరో రోజుకి ఐదు కత్తులు ఆరు నుంచి తొమ్మిది కోతలు తీసుకున్నాయి. నాలుగో నంబరుకి మాత్రం రెండే.

సాయంత్రం ఆరింటికి వైర్లెస్ ఆపరేటరు యూనిట్‌కి అంకెలు పంపాడు.

"నంబర్ నాలుగు, రెండు. ఓవర్."

"మళ్లీ చెప్పు. ఓవర్."

"రెండు. ఓవర్."

కాసేపు గరగర. తరవాత, "నాలుగో నంబరు మీద కన్నేసి ఉంచండి. ఓవర్."

వాళ్లు చెప్పక ముందే వేశాను. నాలుగో నంబరు అందరి కత్తుల్లాగే మేకులు చెక్కింది, కట్టె నరికింది. పైగా ఎనిమిది మందికి మూడు పూటలా కూరలు కోసింది. ఎక్కువ పని చేసిన కత్తి ఎక్కువ పదునుగా ఉండటం ఎక్కడైనా ఉందా? రెండే దార్లు. ఒకటి, అమ్మేవాళ్లు ఒక కత్తిని మాత్రం వేరే ఉక్కుతో చేశారు. రెండు, మస్తాన్ దొంగచాటుగా పదును పెడుతున్నాడు. ప్రమోషన్ దగ్గరపడ్డవాడు తన కత్తి గొప్పగా కనబడాలనుకోడా?

నాలుగు రోజులు వాణ్ణి కాపలా కాశాను. పొద్దున ఐదున్నరకి లేచేవాడు. పత్తికట్టె పొయ్యి రాజేసేవాడు. నాపరాతి బండ ముందు గొంతుక్కూర్చుని ఉల్లిపాయలు, వంకాయలు కోసేవాడు. పదకొండింటికి మళ్లీ. నాలుగింటికి మళ్లీ. డేరా సందులోంచి చూశాను, లారీ వెనక నించుని చూశాను. మిరప ఘాటుకి కళ్లు కారుతున్నా రెప్ప వెయ్యకుండా చూశాను. తప్పు ఏదీ దొరకలేదు.

దొరక్కపోయేసరికి అనుమానం తగ్గాలి. నాది పెరిగింది. మజ్జిగ కోసం వాడు ఊళ్లోకి వెళ్లొచ్చిన సంగతి గుర్తొచ్చి కమ్మరి కొలిమికి వెళ్లాను. కమ్మరి నవ్వాడు. "మీ కత్తి నేనెందుకు ముట్టుకుంటానయ్యా? కోతల రోజులు, కొడవళ్లకే నాకు తీరిక లేదు." ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఇద్దరూ కూడబలుక్కున్నారని రాసుకున్నాను.

పదో రోజు భూతద్దం పెట్టి ఆరు కత్తులూ చూశాను. నాలుగో నంబరు అలుగు అంచు వెంబడి సన్నటి గీతలు. కొత్తవి, ఒకే వాలులో. మిగతా ఐదింటికీ లేవు. ఎంత సంతోషపడ్డానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది.

సుబేదారు గారి ఎదుట మస్తాన్‌ని నిలబెట్టాను.

"ఎక్కడ పదును పెట్టించావు?"

"పెట్టించలేదన్నా."

"అన్నా గిన్నా వద్దు. ఎక్కడ?"

"ఎక్కడా లేదు సార్. పొయ్యి మీద ఒట్టు. సానరాయి మొహం చూసుంటే నా కళ్లు పోవాలి."

"మరి ఈ గీతలేంటి? కత్తి దానంతటదే నూరుకుందా?"

"ఏమో సార్, నాకేం తెలుసు? ఈ కత్తి మంచిదేమో."

"చేసినవాడికి తెలీకుండా గీతలెలా పడతాయిరా?"

వాడు కత్తి వంక చూశాడు, నా వంక చూశాడు. ఇంకేం మాట్లాడలేదు. తప్పు చేసినవాడి మౌనం అది అని నాకు రూఢిగా అనిపించింది. అలాగే రాశాను: ఆజ్ఞ మీరి పదును పెట్టాడు, అడిగితే అబద్ధమాడాడు. సుబేదారు గారు సంతకం చేశారు.

మిగిలిన ఇరవై రోజులూ ఐదు కత్తులతోనే నడిపాం. నాలుగో నంబరు నా ట్రంకులో, సానరాయి పక్కన. మస్తాన్ పాత కత్తితో వండాడు. ఉప్పూ కారం ఎప్పటిలాగే సరిగ్గా వేశాడు. నాకు పళ్లెం అందించేటప్పుడు మాత్రం తల ఎత్తలేదు. మార్చి మధ్యలో డేరాలు విప్పాం. నా చివరి రిపోర్టు ఇదీ: పిడి చెమట చేత్తోనూ జారదు. ఎండకి రెండిటి రివిట్లు వదులయ్యాయి. ఒర కుట్లు ఊడాయి. పదును నాలుగు రోజులకి మించి నిలవదు. కొనదగదు.

యూనిట్‌కి చేరిన వారానికి మస్తాన్ రికార్డులో ఎర్రసిరా ఎంట్రీ పడింది. ఆ సిరా పడిన కాగితానికి ఆ ఏడు ప్రమోషన్ రాదు.

ఏప్రిల్‌లో పదిహేను రోజుల సెలవు మీద ఇంటికి వెళ్లాను. ఒక మధ్యాహ్నం మా ఆవిడ పచ్చి మామిడికాయలూ కత్తీ తెచ్చి ముందు పెట్టింది. వాకిట్లో మెట్టు మీద కూర్చుని కోస్తున్నాను.

"ఆ మెట్టంతా గీతలు పెడతారెందుకండీ? పోయినసారి గీసినవే పోలేదు" అంది.

"ఏం గీశాను?"

"కత్తి."

"ఎప్పుడు?"

"ఇప్పుడేగా! బండకేసి రెండుసార్లు గీకి కాయ తీసుకున్నారు. ప్రతి కాయకీ అంతే. చేసేది మీకే తెలీదా?"

మెట్టు అంచు చూశాను. బూడిదరంగు గీతలు, పాతవీ కొత్తవీ. చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది.

మన ఇళ్లలో కత్తి పట్టినవాళ్లెవరైనా చేసే పనే. గడప బండకో, జాడీ అడుగుకో అటొకసారి ఇటొకసారి రాసి అప్పుడు కాయ మీద పెడతారు. దాన్ని పదును పెట్టడం అని ఎవరూ అనరు. అసలు ఏమీ అనరు. మస్తాన్ నాపరాతి బండ అంచుకి కత్తి రాయడం నేను చూశాను. నాలుగు రోజులు, మూడు పూటలా, కళ్లారా చూశాను. మా అమ్మ చేసినట్టే చేశాడు కాబట్టి నా కంటికి ఆనలేదు. ఈ ప్రాంతం మనిషి కాని సుబేదారు గారు నించుని చూసి ఉంటే మొదటి పూటే "అదేంటి?" అని అడిగేవారు.

ఇంకో సంగతి అప్పుడే వెలిగింది. ఏ రాయి దొరికినా రెండు గీతలకే పదును ఎక్కే కత్తి! క్యాంపులో సిపాయికి అంతకన్నా ఏం కావాలి? రిపోర్టులో మొదటి వాక్యంగా రాయాల్సింది దాన్ని. నేను దాన్ని నేరం కింద రాశాను.

సెలవు నాలుగు రోజులు మిగిలుండగానే వెనక్కి వెళ్లి సుబేదారు గారికి అంతా చెప్పాను. ఆయన హిందీలో ఒకటే అడిగారు.

"రాయికి రుద్దాడా, లేదా?"

"రుద్దాడు సార్. తెలియక."

"మరి నీ రిపోర్టులో తప్పేముంది?"

"అబద్ధమాడాడని రాశాను సార్. ఆడలేదు."

ఆయన చాలాసేపు మీసం సవరించుకున్నారు. నా చేత కొత్త కాగితం రాయించి పైకి పంపారు. జవాబు రాలేదు. రెండోసారి రాశాను. దానికీ రాలేదు. ఒక మనిషిని అనుమానించడానికి నేను రాసిన ఒక్క కాగితం సరిపోయింది. నమ్మడానికి రెండు చాలలేదు.

వంటశాలకి వెళ్లి మస్తాన్‌కి చెప్పాను. దాచకుండా చెప్పాను, తప్పు నాదేనన్నాను. కోప్పడతాడని ఎదురుచూశాను. కోప్పడితే బాగుండేది.

"నేనా సార్? బండకా?" అన్నాడు. కుడి అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "అయితే నేను అబద్ధపు ఒట్టేశానన్నమాట."

"లేదు మస్తాన్. నీకు తెలీదు కదా."

"పొయ్యి మీద వేశాను సార్" అన్నాడు.

ఏడాది చివర సర్వీసు ముగిసి వెళ్లిపోయాడు. అంతవరకూ రోజూ అదే వంటశాలలో టీ తాగేవాణ్ణి. వెళ్లకుండా ఉండలేకపోయేవాణ్ణి. ఇన్నేళ్లయినా నాకు కనబడేది అక్కడి ఒక్క దృశ్యమే. మస్తాన్ ఉల్లిపాయ తీసుకుంటాడు. కత్తి తీసుకుంటాడు. చెయ్యి దానంతటదే బండ వైపు వెళ్తుంది. సగం దూరంలో ఆగిపోతుంది. ఎవరైనా చూస్తున్నారేమోనని తలుపు వైపు ఒకసారి చూసుకుంటాడు. తలుపు దగ్గర నేనుంటాను. చెయ్యి వెనక్కి తీసుకుని, ఆ మొద్దు కత్తితోనే ఉల్లిపాయని అదిమి అదిమి కోస్తాడు.