పరుశురాం పేచీలు

మా క్లాస్‌మేట్ పరుశురాంకి అన్నం లేకపోయినా పూట గడుస్తుంది గానీ, పేచీ లేకపోతే గడవదు. "ఎండ మండిపోతుంది" అంటే "నిన్నటంత లేదు" అంటాడు. సరే, నిన్నటంత లేదని ఒప్పుకుంటే, "నిన్న నువ్వు బయటికే రాలె. నీకెట్ల తెల్సు?" అంటాడు. పుట్టి పెరిగింది సూరత్‌లోనే అయినా తోటి తెలుగువాళ్లతో పేచీ మాత్రం తెలుగులోనే.

పరీక్షల ముందు మా ఆడపిల్లల హాస్టల్‌ని మరమ్మతుల పేరుతో ఖాళీ చేయమన్నారు. మేం పుస్తకాలూ పరుపులూ మోసుకెళ్లి యూనివర్సిటీ ఆఫీసు భవనంలో బైఠాయించాం. మగపిల్లలూ తోడొచ్చారు. వాళ్లలో పరుశురాంని చూసి సంతోషించాలో భయపడాలో తెలియలేదు.

నా రూమ్మేట్ మౌక్తిక గొంతెత్తి, "హాస్టల్ హమారా హై!" అంటూ హాస్టల్ మాదేనని నినాదం మొదలుపెట్టింది.

"హమారా ఎట్లయితది? కిరాయికున్నరు గదా!" అన్నాడు పరుశురాం.

మౌక్తిక అతని మీదికి నీళ్ల సీసా విసిరింది. "గురి బాలేదు," అని దానికీ వంక పెట్టాడు.

కాసేపటికి సెక్యూరిటీ గార్డు లాఠీ ఊపుతూ వచ్చి, "పీఛే హటో!" అంటూ ముందు వరుస కుర్రాళ్లని వెనక్కి జరగమని అరిచాడు. కుర్రాళ్లు పిడికిళ్లు బిగించారు. పరుశురాం మధ్యలో దూరాడు.

"పీఛే దీవార్ హై, భాయ్. కహాఁ హటే?"

గార్డు తొంగి చూశాడు. నిజంగానే గోడ. "తో... థోడా సైడ్ మే."

"కౌన్సా సైడ్?"

ఏ పక్కకో తేలేలోపే గార్డుకి నవ్వొచ్చి, లాఠీ చంకలో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం గండం నాకొచ్చింది. మెట్ల మీద నేను అరుస్తున్న వీడియో సూరత్ పక్కనున్న కడోదరాలోని మా ఇంటిదాకా పాకింది. పవర్‌లూమ్ ఆపేసి, జుట్టునిండా నూలు పీచుతో మా బాపు సోమలింగం దిగాడు.

"సంతోషీ! సదువుకొమ్మంటే లొల్లి చేస్తున్నవా? నడువ్ ఇంటికి!" చెయ్యి లేచింది.

"కాకా, జర ఆగు," పరుశురాం అడ్డమొచ్చాడు. "సర్వపిండికి చిల్లులు పెట్టాల్నని మీ బిడ్డ అంటున్నది. చిల్లులు దండుగ గాదా?"

గిన్నెలో తట్టి కాల్చే ఆ బియ్యప్పిండి రొట్టె ఊసే నేను ఎత్తలేదు! కానీ బాపు చెయ్యి గాలిలోనే ఆగింది.

"దండుగనా? చిల్లుల్లేకుంటే పిండి కిందికి నూనె ఎట్ల దిగుతదిరా? అడుగు మాడదా?"

"మాడితేనే రుచి, కాకా."

"నీ మొహం! నీకు తిండే తెల్వదు!"

బాపు చతికిలబడి, నేల మీద వేలితో గిన్నె గీసి, అందులో రొట్టెకి చిల్లులు గీసి చూపించాడు. పరుశురాం ఒక్క చిల్లునీ ఒప్పుకోలేదు. అరిచి అరిచి అలసిపోయి, మంచినీళ్లు తాగి, బాపు నావైపు తిరిగాడు.

"ఇంతకీ గీడెందుకు కూసున్నరే?"

చెప్పాను. అంతలో రిజిస్ట్రార్ బయటికొచ్చాడు. బాపు ఇంకా పేచీ వేడిమీదే ఉన్నాడు. లేచి ఎదురెళ్లి, ఇప్పుడు ఆడపిల్లలు ఎక్కడ చదువుకోవాలని నిలదీశాడు.

"సాబ్, రిపేర్ పరీక్షా కే బాద్ కరో. అభీ బచ్చీ లోగ్ కహాఁ పఢేంగే?"

పొద్దుటినుంచీ మమ్మల్ని "పిల్లలు" అని కొట్టిపారేసిన పెద్దమనిషి ఒక తండ్రిని కొట్టిపారేయలేక నసిగాడు. సాయంత్రానికి మరమ్మతులు పరీక్షల తర్వాతకి వాయిదా పడ్డాయి. మా కేకలకి భవనం దద్దరిల్లింది.

బాపుని గేటుదాకా సాగనంపాను.

"ఆ పరుశురాం గంతే బాపూ, ఊకెనే పేచీ పెట్టుకుంటడు. ఏమనుకోకు."

"ఊకెనే గాదే పిచ్చిదానా. నీకు పడే దెబ్బను తనదిక్కు మలుపుకున్నడు. నాకు తెల్వదా?"

"తెలిసి గూడ గంతసేపు కొట్లాడినవా?"

బాపు ఆటో ఎక్కుతూ ముసిముసిగా నవ్వాడు.

"ఏం చెయ్యమంటవే? గింత మంచిగ తెలుగుల కొట్లాడెటోడు సూరత్‌ల నాకు ఇన్నేండ్లకు దొరికిండు!"